తిరుపతిలో పెళ్లికి మేళం కుదుర్చుకోవడం ఎలా?

మా పెద్దమ్మాయి పెళ్లి తిరుచానూరు రోడ్డులోని ఒక కల్యాణమండపంలో జరిగింది. వంట, పూలు, ఫొటోలు అన్నీ నేనే తిరిగి చూసుకున్నాను. మేళం మాత్రం మండపం వాళ్లకే వదిలేశాను. ముహూర్తం వేళకు పురోహితుడు చెయ్యి ఎత్తి సైగ చేశారు. మేళం అందుకోలేదు. వేదిక అంచున కెమెరాలు పట్టుకుని ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక మూలగా కూర్చున్న డోలు విద్వాంసుడికి పురోహితుడి చెయ్యి కనబడే దారే లేదు. వధూవరులు ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న ఆ క్షణంలో హాలంతా నిశ్శబ్దం. ఎవరో "గట్టిమేళం, గట్టిమేళం" అని కేక వేశాక డోలు మోగింది. పెళ్లి వీడియోలో ఆ నాలుగు క్షణాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. తప్పు వాయిద్యకారులది కాదు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టింది మేము.

ఆ తర్వాత మా చిన్నమ్మాయి పెళ్లికీ, తమ్ముడి పిల్లల పెళ్లిళ్లకూ మేళం పని నేనే నెత్తిన వేసుకున్నాను. మీరు మేళం కుదుర్చుకోవడంలో పడే శ్రమ అంతా చివరికి ఆ ఒక్క క్షణం కోసమే: ముహూర్తానికి గట్టిమేళం సరిగ్గా పడాలి. కింద చెప్పేవన్నీ అక్కడికి చేర్చే పనులు.

ఏ వేడుకకు ఏ వాద్యం

ముందు కాగితం మీద వేడుకలు విడివిడిగా రాసుకోండి. ముహూర్తానికి నాదస్వరం, డోలు ఉన్న మంగళవాద్యం కావాలి. ఊరేగింపుకు బ్యాండు గానీ పలకలు (డప్పులు) గానీ కావాలి. రిసెప్షన్‌కు పాటల ఆర్కెస్ట్రా ఉంటుంది. మూడూ మేమే చూసుకుంటామని చెప్పేవాళ్లు తిరుపతిలోనూ, చిత్తూరులోనూ దొరుకుతారు. అందులో తప్పేమీ లేదు. అయితే వాళ్లు మూడుచోట్ల నుంచి మనుషులను తెస్తారు. అందువల్ల "ముహూర్తానికి కూర్చునే నాదస్వరం విద్వాంసుడు ఎవరు? ఆయనతో ఒకసారి మాట్లాడించండి" అని మొదటే అడగండి. దానికి సరైన జవాబు రాకపోతే ఆ మాటలు అక్కడితో ఆపేయండి.

మంగళవాద్యంలో ఎంతమంది ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. చిన్న పెళ్లికి ఒక నాదస్వరం, ఒక డోలు, శ్రుతి, తాళం చాలు. శ్రుతి ఇప్పుడు చాలాచోట్ల కరెంటు పెట్టెలోనే వినిపిస్తుంది కాబట్టి ముగ్గురే వచ్చినా లోటు ఉండదు. పెద్ద మండపమైతే జోడు నాదస్వరాలు, జోడు డోళ్లు అడగండి. ఆడంబరం కోసం చెప్పడం లేదు. పెళ్లి తంతు గంటల తరబడి సాగుతుంది, నాదస్వరం ఊదడానికి చాలా దమ్ము కావాలి. ఇద్దరుంటే ఒకరు ఊదుతుండగా ఒకరు ఊపిరి తీసుకుంటారు, ముహూర్తం వేళకు ఇద్దరూ అలిసిపోకుండా ఉంటారు. డబ్బు తక్కువైతే మనుషుల సంఖ్య తగ్గించుకోండి గానీ విద్వత్తులో రాజీపడకండి. ఒక్క మంచి నాదస్వరం మూడు సాధారణ నాదస్వరాల కంటే మేలు.

పెళ్లి తిరుమల కొండమీద, పాపవినాశనం దారిలో ఉన్న కల్యాణవేదికలో అయితే పురోహితుడినీ మంగళవాద్యాన్నీ దేవస్థానమే ఉచితంగా సమకూరుస్తుంది. అక్కడికి మేళాన్ని వెంటబెట్టుకుని వెళ్లవలసిన పని లేదు. కింద తిరుపతిలో చేసే విందుకు మాత్రం చూసుకుంటే చాలు.

తేదీ ఖాయమైన రోజే కదలాలి

మన దగ్గర ముహూర్తాలన్నీ కొన్ని నెలల్లోనే కుప్పపడతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, గురుమూఢమి, శుక్రమూఢమి పోగా మిగిలిన రోజులకు అందరూ పోటీ పడతారు. తిరుపతిలో దీనికి తోడు గుళ్ల ఉత్సవాలున్నాయి. మాఘ ఫాల్గుణాల్లో శ్రీనివాసమంగాపురం, కపిలతీర్థం బ్రహ్మోత్సవాలు, వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలు, కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు వస్తాయి. పెళ్లిళ్ల రోజులూ అవే. మంచి విద్వాంసుల్లో చాలామంది గుడి సేవల్లో ఉంటారు. ఆ సేవ వాళ్లకు ముందు, మన పెళ్లి తర్వాత. అది ఉండవలసిన తీరే. ఆ రోజుల్లో ముహూర్తం పెట్టుకుంటే మూడు నాలుగు నెలల ముందే మేళం ఖాయం చేసుకోండి.

అమ్మవారి బ్రహ్మోత్సవాల చివరి రోజైన పంచమీతీర్థం నాడు తిరుచానూరు వైపు పెళ్లి పెట్టుకుంటే దారుల సంగతి కూడా ఆలోచించాలి. ఆ రోజు గుడి కోనేరు పద్మసరోవరం చుట్టూ జనసముద్రం. వాయిద్యకారులను ముందురోజు రాత్రే రప్పించి మండపంలో గది ఇవ్వడం నయం. అలాగే మే నెలలో గంగమ్మ జాతర వారంలో తిరుపతిలో పలకలవాళ్లు దొరకడం కష్టం. ఊరేగింపుకు పలకలు కావాలనుకుంటే పల్లెల వైపు ముందుగా చెప్పి ఉంచుకోండి.

విని ఎంచుకోండి

ఫోనులో పంపే వీడియోలు చూసి నిర్ణయించకండి. అందులో పది నిమిషాల మంచి వాయింపే ఉంటుంది, మైకు సర్దుబాటు కూడా ఉంటుంది. తిరుపతిలో ఉన్న మనకు నేరుగా వినే భాగ్యం ఉంది, దాన్ని వాడుకోండి. సాయంత్రం గోవిందరాజస్వామి గుడి మాడవీధుల్లో ఉత్సవం ఉన్న రోజున వాహనం ముందు నడిచే మేళం వెంట పావుగంట నడవండి. కోదండరామస్వామి గుడికీ, తిరుచానూరుకూ వెళ్లండి. నచ్చిన విద్వాంసుడు కనబడితే ఉత్సవం ముగిశాక నమస్కరించి, పెళ్లిళ్లకు వస్తారా అని అడగండి. ఆయన రాలేకపోయినా శిష్యుల పేర్లు చెబుతారు. దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, నాదస్వర డోలు పాఠశాల మన ఊళ్లోనే ఉన్నాయి. అక్కడ నేర్చుకుని బయటికి వచ్చిన పిల్లల్లో చక్కగా వాయించేవాళ్లున్నారు. మా చిన్నమ్మాయి పెళ్లికి వచ్చిన డోలు విద్వాంసుడికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ రోజు ముహూర్తానికి ఆయన వాయించిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వినేటప్పుడు ఏమి గమనించాలి? సంగీతం నేర్చుకోకపోయినా మూడు సంగతులు తెలిసిపోతాయి. నాదస్వరం పైస్థాయికి వెళ్లినప్పుడు కీచుమనకుండా నిండుగా ఉందా? శ్రుతిపెట్టెతో కలిసి ఉందా, లేక రెండూ వేరువేరుగా చెవిని గుచ్చుతున్నాయా? డోలు నాదస్వరాన్ని అనుసరిస్తున్నదా, మింగేస్తున్నదా? మూడోది ముఖ్యం. గట్టిమేళంలో డోలు ఎంత పెద్దగా మోగినా తక్కువే. మిగతా సమయంలో అణిగి ఉండగలిగినవాడే గొప్ప డోలు విద్వాంసుడు.

ఇంకొక మాట సూటిగా చెప్పాలి. వాయించేవాళ్ల పేరూ మతమూ చూసి వెనక్కి తగ్గేవాళ్లు అక్కడక్కడ ఇంకా ఉన్నారు. షేక్ చినమౌలానా ఇప్పటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరానికే జీవితం ధారపోశారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం సీమల్లో తరతరాలుగా నాదస్వరాన్ని నిలబెట్టిన కుటుంబాల్లో ముస్లింలు ఎందరో ఉన్నారు. రాముడి కీర్తనలు వాళ్ల నోటి గాలితో మన పందిళ్లలో మోగాయి. మీరు చెవితో విని ఎంచుకోండి.

మాట్లాడుకోవడం

ధర అడిగే ముందు మీ పెళ్లి సంగతి పూర్తిగా చెప్పండి. ధర ప్రధానంగా నాలుగింటిని బట్టి ఉంటుంది: ఎంతమంది, ఎన్ని గంటలు, ఎంత దూరం, పగలా రాత్రా. ముహూర్తాలు ఎక్కువగా ఉన్న రాత్రి ఒకే మేళం రెండు పెళ్లిళ్లకు ఒప్పుకోవడం కద్దు. "ఆ రాత్రి మీకు ఇంకొక ముహూర్తం ఉందా?" అని మొహమాటం లేకుండా అడగండి. ఉందంటే కోపం తెచ్చుకోకండి, అది వాళ్ల బతుకుతెరువు. రెండింటికీ మధ్య గంటన్నర కూడా లేకపోతే మాత్రం ఇంకొకరిని చూసుకోండి.

చిత్తూరు వైపు పెళ్లిళ్లకు వేలూరు, తిరుత్తణి నుంచి మేళాలు వస్తాయి. వాళ్లలో ఉద్దండులున్నారు. అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. తమిళుల పెళ్లిలో తాళి కట్టే వేళే ముహూర్తం. మనకు జీలకర్ర బెల్లమే సుముహూర్తం, తాళి ఆ తర్వాత. సరిహద్దు ఊళ్లలో వాయించే వాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ఇంకా దూరం నుంచి వచ్చేవాళ్లు జీలకర్ర బెల్లం వేళ మెల్లగా ఒక కీర్తన వాయిస్తూ కూర్చునే ప్రమాదం ఉంది. గట్టిమేళం రెండుసార్లు పడాలని ముందే చెప్పండి.

ఏమి వాయించాలన్నది చాలావరకు వాళ్లకే వదిలేయడం మర్యాద. మొదట నాటలోనో హంసధ్వనిలోనో వినాయకుడిని తలుచుకుని, వరపూజకూ ఎదుర్కోలుకూ కల్యాణి, మోహన వంటి రాగాలు, చివరికి మంగళానికి మధ్యమావతి, సౌరాష్ట్రం - ఈ వరస వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. ఆనందభైరవి మాత్రం అడిగి మరీ వాయించుకోండి. పెళ్లి పందిట్లో ఆ రాగం వినబడితే ముసలివాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. అన్నమయ్య తిరిగిన నేల ఇది కాబట్టి ఆయన పదాలు కూడా అడగండి. సినిమా పాటలు కావాలని పిల్లలు పట్టుబడితే భోజనాల వేళకు రెండు మూడు ఒప్పుకోండి, ముహూర్తానికి ముందు వద్దు.

కాగితం మీద పెట్టవలసినవి

బంధుత్వాలూ పరిచయాలూ ఎన్ని ఉన్నా ఒక కాగితం రాసుకోండి. స్టాంపు అక్కరలేదు. ఎంతమంది వస్తారు, ఎవరు వస్తారు, ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళతారు, మొత్తం ఎంత, అడ్వాన్సు ఎంత, దారిఖర్చులు అందులోనే ఉన్నాయా విడిగానా, ఒకవేళ విద్వాంసుడికి ఒంట్లో బాగాలేకపోతే బదులు ఎవరిని పంపుతారు - ఇంతే. అడ్వాన్సు నాలుగో వంతు ఇస్తే సరిపోతుంది. ఫోను ద్వారా పంపినా, ఖాయం చేసుకునే రోజున తాంబూలంలో పెట్టి ఒక్క వంద రూపాయలైనా చేతికి ఇవ్వండి. తాంబూలం అందుకున్న పెళ్లికి రాకుండా ఉండడం మేళంవాళ్లకు మాట తప్పినట్లే.

తేదీ దగ్గర అన్నింటికంటే జాగ్రత్త కావాలి. మా దగ్గరి బంధువుల పెళ్లిలో శుభలేఖ మీద "గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం" అని ఉంది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక రెండున్నర ప్రాంతంలో. మేళంవాళ్లకు ఫోనులో "శుక్రవారం రాత్రి రెండున్నర" అని చెప్పారు. వాళ్లు శుక్రవారం రాత్రి వచ్చారు. అప్పటికి పెళ్లికూతురు అత్తవారింట్లో ఉంది. ముందురోజు రాత్రి ముహూర్తం వేళ మేళం లేక, వీధిలో ఎవరినో నిద్రలేపి, దేవుడి గదిలోని గంట మోగించి గట్టెక్కించారు. మీరు రాసేటప్పుడు "పన్నెండో తేదీ గురువారం రాత్రి పదింటికి మండపానికి రావాలి, ముహూర్తం అదే రాత్రి అర్ధరాత్రి దాటాక" అని విడమరచి రాయండి. పెళ్లికి మూడు రోజుల ముందు ఫోను చేసి, ఆ మాటలను వాళ్ల నోటితోనే తిరిగి చెప్పించుకోండి.

పురోహితుడినీ మేళాన్నీ కలపండి

పెళ్లి రోజున మీరు చేయవలసిన పనుల్లో ఇది మొదటిది. ముహూర్తానికి గంట ముందు పురోహితుడినీ డోలు విద్వాంసుడినీ ఒకచోట నిలబెట్టి, సైగ ఏమిటో మాట్లాడించండి. చెయ్యి ఎత్తుతారా, అక్షతలు చల్లుతారా, "గట్టిమేళం" అని నోటితో చెబుతారా? ఒక్క నిమిషం పని. ఆ క్షణంలో తుమ్ము గానీ, ఏడుపు గానీ, అశుభమైన మాట గానీ ఎవరి చెవినా పడకూడదనే గట్టిమేళం పెట్టారు మన పెద్దలు. అది ఒక్క క్షణం ఆలస్యమైనా దాని పని అది చేయలేదు.

తర్వాత కూర్చునే చోటు. డోలు విద్వాంసుడి కంటి నుంచి పురోహితుడి చేతికి అడ్డం లేని గీత ఉండాలి. పందిరి వేస్తున్నప్పుడే ఆ చోటులో మీరు కూర్చుని చూడండి. ఫొటోలు తీసేవాళ్లకు ఆ గీతకు అడ్డం నిలబడవద్దని ఖండితంగా చెప్పండి. చాప మాత్రమే వేసి నేల మీద కూర్చోబెట్టకండి. అడుగు ఎత్తైన చిన్న వేదిక, దాని మీద జంపఖానా, పక్కన తాగునీళ్లు, శ్రుతిపెట్టెకు ఒక ప్లగ్గు పాయింటు ఉండాలి. చాలా మండపాల్లో ఈ ప్లగ్గు దగ్గరే ఆఖరి నిమిషంలో వెతుకులాట మొదలవుతుంది. స్పీకరు పెట్టెలను వాళ్ల వెనక పెట్టనివ్వకండి. నాదస్వరానికీ డోలుకూ మామూలు మండపంలో మైకే అక్కరలేదు. ఏసీ హాలైతే అరగంట ముందే లోపలికి రప్పించండి. బయటి వేడి నుంచి చల్లటి హాలులోకి వస్తే డోలు చర్మం బిగువు మారిపోతుంది.

ఆ అరగంటా ఎవరూ వాళ్లను తొందరపెట్టకుండా చూడండి. మా చిన్నమ్మాయి పెళ్లినాడు నేను పక్కనే కూర్చుని చూశాను. నాదస్వరం మెడ దగ్గర దారానికి, ఊదడానికి నోట్లో పెట్టుకునే పీకలు నాలుగైదు వేలాడుతున్నాయి. విద్వాంసుడు ఒకటి తీసి పెదవుల మధ్య తడిపి, విడిగా ఊది చూసి, తల అడ్డంగా ఊపి వదిలేశారు. రెండోదీ అంతే. మూడోదాన్ని బిగించి షడ్జం పట్టగానే పక్కాయన కళ్లతోనే సరేనన్నారు. డోలు విద్వాంసుడు పనస చెక్కతో చేసిన ఆ బరువైన వాద్యాన్ని ఒడిలోకి లాక్కుని, చిన్న స్పానరుతో మరలు ఒక్కొక్కటే బిగిస్తూ తట్టి వింటున్నాడు. తర్వాత కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు ఒక్కొక్కటిగా ఎక్కించుకుని, ఎడమచేత్తో పుల్ల అందుకుని, ఒక్కసారి మెల్లగా మోగించాడు. హాలులో ఆడుకుంటున్న పిల్లలు ఆగి అటు తిరిగారు. ఆ సమయంలోనే ఎవరో వచ్చి "ఇంకా మొదలుపెట్టలేదేం" అని గద్దిస్తే, ఆ పని సగంలో ఆగిపోతుంది. రోజంతా శ్రుతి కలవదు.

ఊరేగింపు

బ్యాండులో క్లారినెట్, ట్రంపెట్ ఎవరు వాయిస్తారో చూసుకుంటే చాలు, డ్రమ్ములు ఎలాగూ మోగుతాయి. వీధిలోకి వెళ్లేముందు పోలీసు అనుమతి తీసుకోండి. శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట స్పీకర్లే కాదు, వాద్యాలు కూడా మోగకూడదు. మూసి ఉన్న కల్యాణమండపం లోపల, శబ్దం ఆ లోపలికే పరిమితమైతే ఆ అడ్డు లేదు. ఆసుపత్రులకూ బడులకూ వంద మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రాంతం. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల పక్కగా అలిపిరి వైపు వెళ్లే ఊరేగింపులు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. అక్కడ వాద్యాలు ఆపి నడవండి.

రిసెప్షన్ ఆర్కెస్ట్రా

ఇక్కడ అడగవలసినవి కొన్నే. సౌండు వాళ్లదా, మీరు వేరే తేవాలా? గాయకులు ఎందరు, వాద్యాలు నిజంగా వాయిస్తారా, లేక రికార్డు చేసిన సంగీతం పెట్టి మీద పాడతారా? రెండో పద్ధతి చవక, అయితే దానికి ఆర్కెస్ట్రా ధర ఇవ్వకండి. జనరేటరు అందుకునే లోపు కీబోర్డు ఆగిపోకుండా ఏం చేస్తారో మండపం ఎలక్ట్రీషియనుతో కలిసి మాట్లాడండి. అతిథులు రావడానికి రెండు గంటల ముందే సౌండు సరిచూసుకోవడం పూర్తికావాలి. పెద్దవాళ్లు కూర్చునే వరసలో మీరు కూర్చుని, పక్కవాళ్ల మాట వినబడుతున్నదో లేదో చూసి, అంతకు మించి పెంచవద్దని చెప్పండి.

సినిమా పాటలకు లైసెన్సు రుసుము కట్టాలని ఎవరైనా బెదిరిస్తే కంగారు పడకండి. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపులకూ, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలకూ మినహాయింపు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2023లో ఈ విషయాన్ని మళ్లీ స్పష్టం చేసింది. పుట్టినరోజులకూ, కంపెనీ విందులకూ ఈ మినహాయింపు వర్తిస్తుందని మాత్రం అనుకోవద్దు.

భోజనం, సంభావన

మేళంవాళ్లకు భోజనం ఎప్పుడు పెట్టాలో ముందే నిర్ణయించుకోండి. రాత్రి ముహూర్తమైతే ముహూర్తానికి రెండు గంటల ముందు, మొదటి పంక్తిలో, విస్తరి వేసి వడ్డించాలి. ఆఖరి పంక్తి దాకా ఆగమంటే ఊదేవాళ్లకు కడుపు ఖాళీగా ఉంటుంది. సరిగ్గా ముహూర్తం ముందు పెడితే నిండిన కడుపుతో దమ్ము పట్టలేరు. ఈ బాధ్యత ఇంట్లో ఒక్కరికి అప్పగించండి, వాళ్ల పేరు మేళంవాళ్లకు చెప్పండి.

మిగిలిన డబ్బు కవరులో పెట్టి, అప్పగింతలు మొదలయ్యే ముందే సిద్ధంగా ఉంచుకోండి. అప్పగింతల్లో ఇంటివాళ్లంతా కంటతడితో ఉంటారు, అప్పుడు ఎవరినీ డబ్బు అడగలేక మేళంవాళ్లు మండపం గుమ్మం దగ్గర గంటలు గంటలు నిలబడడం నేను చాలా పెళ్లిళ్లలో చూశాను. మంగళం వాయించగానే పెళ్లికూతురి తండ్రి స్వయంగా వెళ్లి, పంచె, తాంబూలం, కవరు కలిపి చేతికివ్వాలి. తెల్లవారుజామున ముగిసే పెళ్లి అయితే వాళ్లను బస్టాండు దాకా చేర్చడానికి ఒక బండి మాట్లాడి ఉంచండి. డోలు భుజాన వేసుకుని ఆ వేళలో ఆటో కోసం నిలబడడం కష్టం.